నల్ల గౌను మీద రెక్కలు

పెత్రామాలా, కలాబ్రియా
మార్చి 2, 2014

ఒరేయ్ సవేరియో,

ఉత్తరం చూసి అక్కకేమైందోనని హడలిపోకు. చెవులు పూర్తిగా పోయాయి, అంతే. ఆదివారం ఆదివారం నువ్వు ఫోన్ చేస్తుంటే "ఆఁ ఆఁ, బాగానే ఉన్నాను" అంటున్నానా, ఆర్నెల్ల నుంచి నువ్వేం చెబుతున్నావో నాకు ఒక్క ముక్క వినబడితే ఒట్టు. పోయిన వారం మీ పిల్లి చచ్చిపోయిందని నువ్వంటే "చాలా సంతోషంరా" అన్నానట! మీ ఆవిడ మా అమ్మాయికి ఫోన్ చేసి ఏడ్చిందట. ఆవిడకి నా తరఫున చెప్పు, నాకు పిల్లులంటే పగ లేదని. మనిషి ఎదురుగా ఉంటే పెదాలు చూసి పోల్చుకుంటాను, ఫోన్లో ఎలా? ఇకనుంచి ఏదైనా ఉంటే కాగితం మీద రాయి.

అసలు సంగతి చెట్లు. మన కొండమీద చెస్ట్‌నట్ చెట్లకి బొడిపెల తెగులు పట్టిందని నీకు తెలుసు. ఎక్కడో తూర్పు దేశం నుంచి వచ్చిన పురుగు చిగుళ్ళలో గుడ్డు పెడుతుంది. చిగురు కాస్తా బొడిపె కడుతుంది, పూత రాదు, కాయ రాదు. నా అరవై నాలుగు చెట్లకీ కలిపి పోయినేడు రెండు బుట్టల కాయలొచ్చాయి. మా ఆయన బ్రూనో ఉండగా బళ్ళకి బళ్ళు తోలేవాళ్ళం. ఆరేళ్ళయింది ఆయన పోయి. పోవడమే మంచిదయిందిలే, ఇవి చూడకుండా.

మూడేళ్ళ కిందట అటవీశాఖ వాళ్ళు ఒక గాజుగొట్టంలో నువ్వుగింజంత కందిరీగల్ని తెచ్చి నా చేతే వదిలించారు. అవి బొడిపెలో గుడ్డు పెడితే, వాటి పిల్లలు లోపలున్న తెగులు పురుగుని తినేస్తాయట. మా ఊళ్ళో దాన్ని "డాక్టరు" అంటున్నాం. అచ్చం దానిలాగే ఉండే కందిరీగ ఇక్కడిది ఇంకోటుంది. అదీ పచ్చగానే మెరుస్తుంది, బొడిపెల చుట్టూనే తిరుగుతుంది, కానీ దానివల్ల పెద్ద ప్రయోజనం లేదు. దానికి "కాంపౌండరు" అని పేరు పెట్టింది పక్కింటి మెలీనా.

పోయిన చలికాలం అటవీశాఖ వాళ్ళు వచ్చి నా చెట్ల బొడిపెలు సంచీడు కోసుకుపోయారు. అందులోంచి వచ్చేది డాక్టరో కాంపౌండరో చూసి చెబుతారట. డాక్టరు నిలదొక్కుకుందంటే చెట్లు బతుకుతాయి. లేదంటే మే ముప్ఫై ఒకటిన రైతుల సంఘం కూర్చుని కొండంతా నరికించేస్తుంది. రంపం మిల్లువాడు రెడీగా ఉన్నాడు. మా మరిది కోజిమో వాడి వెనకాలే తోకలా తిరుగుతున్నాడు.

నువ్వు నలభై ఏళ్ళుగా పురుగులకి జిగురు పూసి బతికావు కదా, దీని సంగతి నీకేమైనా తెలుసా?

మీ అక్క
దొమేనికా


తొరీనో
మార్చి 14

అక్కా,

నీ ఉత్తరం మా ఆవిడకి చదివి వినిపించాను. పిల్లి సంగతి దగ్గర నవ్వేసింది. గండం గడిచింది.

నా పని జిగురు పూయడమే, నిజమే. మ్యూజియానికి ఊరూరి నుంచి డబ్బాల్లో పురుగులొస్తాయి. డబ్బా మీద నంబరే తప్ప ఊరి పేరుండదు, ఎవరి మీదా అభిమానం చూపించకూడదని. ఒక్కోదాన్ని తడి కుంచెతో ఎత్తి, తెల్లటి అట్టముక్క మీద చుక్క జిగురేసి అంటిస్తాను. భూతద్దం కింద చూసి ఇది ఫలానా జాతి అని రాస్తాను. నా ముందు మా గురువు అలాగే చేశాడు, ఆయన గురువూ అలాగే చేశాడు. తెల్లటి అట్ట మీద ఒళ్ళు స్పష్టంగా కనబడుతుంది. ఈ జూలైతో రిటైరవుతున్నాను, అక్కా. ఇన్నాళ్ళలో నా అట్టముక్క వంకరగా ఉందన్నవాడు లేడు.

మీ డాక్టర్లు నాకు తెలుసు. ఆడదానికి వెనకాల సూదిలాంటి తోక ఉంటుంది, గుడ్డు పెట్టడానికి. ఒంటి పొడవుతో పోలిస్తే డాక్టరు సూది పొడుగు, కాంపౌండరుది పొట్టి. తేడా పట్టుకోవడం కష్టమే కానీ, అలవాటున్న కన్ను పట్టుకుంటుంది. నువ్వేం బెంగపడకు. ఆ చూసేవాళ్ళెవరో సరిగానే చూస్తారు.

నీకు తోచకపోతే ఒక పని చెయ్యి. ఎండిన బొడిపెలు కొన్ని కోసి, అట్టపెట్టెలో వేసి మూసెయ్యి. పక్కన కన్నం చేసి గాజుసీసా దూర్చు. ఏప్రిల్లో ఎండ ముదరగానే కందిరీగలు వెలుతురు వెతుక్కుంటూ సీసాలోకొస్తాయి. తెల్ల కాగితం మీద పోసి చూడు. ముచ్చటగా ఉంటాయి.

నీ
సవేరియో


పెత్రామాలా
ఏప్రిల్ 10

సవేరియో,

రిపోర్టొచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "డబ్బా నంబరు 37, పెత్రామాలా. పరిశీలించిన కందిరీగలు నలభై. అన్నీ స్థానిక జాతివే. విడుదల చేసిన జాతి నిలదొక్కుకున్న ఆనవాలు లేదు."

నలభైకి నలభయ్యీ కాంపౌండర్లేనట! డాక్టరు ఒక్కడైనా లేడట!

కోజిమో ఆ కాగితం పట్టుకుని గుమ్మంలోకొచ్చాడు. "వదినా, ఇక మొండితనం మానెయ్, కలపకైనా ధర పలుకుతుంది" అన్నాడు, నాకు వినబడాలని నా మొహంలో మొహం పెట్టి అరుస్తూ. ఉమ్ము పడింది. "నా చెట్టు మీద గొడ్డలి పడితే నేను దాని కిందే కూర్చుంటాను, ఏం చేసుకుంటావో చేసుకో" అన్నాను. ఆ వెధవ నవ్వాడురా! నాకు ఏడుపొచ్చింది. వాడు వెళ్ళాకే ఏడ్చానులే.

ఆ నలభై పురుగుల్ని చూసిన తెలివితక్కువ దద్దమ్మ ఎవడో కనుక్కో. నా చెట్లకి ఈ ఏడు చిగురు బాగా వచ్చింది. బొడిపెలు పోయినేడంత లేవు. నేను రోజూ చూస్తున్నాను, నాకు తెలీదా? చెవులు పోయాయి కానీ కళ్ళున్నాయి. నువ్వు చెప్పినట్టే అట్టపెట్టె చేశాను. నిన్ననే మొదటి కందిరీగ సీసాలోకొచ్చింది.

ఆ దద్దమ్మ పేరు నాకు కావాలి.

దొమేనికా


తొరీనో
ఏప్రిల్ 19

ప్రియమైన దొమేనికాకు,

నీ ఉత్తరం అందింది. నీ ఆవేదన అర్థం చేసుకోదగినదే. అయితే ఇటువంటి పరిశీలనలు చేసేవారు ఎంతో అనుభవం గలవారు. సూది పొడవును కొలిచి, నియమం ప్రకారమే నిర్ణయిస్తారు. పొరపాటుకు అవకాశం చాలా తక్కువ. వారి పేర్లు బయటికి చెప్పే పద్ధతి లేదు.

చెట్లు కూడా వయసు మీద పడినవే. సంఘం ఏ నిర్ణయం తీసుకున్నా నువ్వు ఆరోగ్యం పాడుచేసుకోవద్దని నా మనవి. వేసవిలో మా ఇంటికి వచ్చి కొన్నాళ్ళు ఉండవచ్చు.

సవేరియో


పెత్రామాలా
మే 4

తమ్ముడూ,

నీ ఏప్రిల్ ఉత్తరం మేయరు గారు రాసినట్టుంది. చదివి పొయ్యి కింద పెట్టాను. దాని సంగతి తర్వాత. ఇప్పుడు నేను చెప్పేది నిదానంగా చదువు. మతిపోయిందనుకోకు. మెలీనా సాక్ష్యం ఉంది.

నిన్న మధ్యాహ్నం సీసాలు తీసి చూస్తే ఎండకి చాలా కందిరీగలు చచ్చిపోయి ఉన్నాయి. గుమ్మం ముందు గడ్డి కుర్చీ వేసుకుని, నువ్వు చెప్పావు కదా అని తెల్ల కాగితం మీద పోసి చూశాను. అన్నీ ఒకటే. పచ్చటి ఒళ్ళు, పైన ఉల్లిపొర లాంటి రెక్కలు. రెక్కలకి రంగూ లేదు, పాడూ లేదు, అసలున్నట్టే తెలీదు. సూదులు కొలవడానికి నాకేం భూతద్దముందా? విసుగేసింది. ఇంతలో గాలికి కాగితం ఎగిరి పురుగులన్నీ నా ఒళ్ళో పడ్డాయి.

నా గౌను నీకు తెలుసుగా. బ్రూనో పోయినప్పట్నుంచీ, ఆరేళ్ళుగా ఒంటిమీద ఇదే నలుపు. ఉతికి ఉతికి మెరుపంతా పోయిన నూలు గుడ్డ. దానిమీద పడ్డ పురుగుల్ని ఏరుదామని వంగాను.

సవేరియో, వాటి రెక్కలకి రంగులున్నాయి!

ఉన్నాయంటే ఉన్నాయి! ఊదా, ఆకుపచ్చ, బంగారు రంగు, నీలం. వాన పడ్డాక పెట్రోలు బంకు ముందు నీళ్ళ మీద నూనె తేలుతుందే, ఆ రంగులు. అదైనా ఇష్టమొచ్చినట్టు పాకుతుంది. ఇవి అలా కాదు, ఎవరో కూర్చుని గీసినట్టు గీతకి గీత సరిగ్గా ఉన్నాయి. ఒకదాన్ని వేలితో ఎత్తి కాగితం మీద పెట్టాను, రంగు పోయింది. మళ్ళీ గౌను మీద పెట్టాను, వచ్చింది. ఒళ్ళంతా జలదరించింది నాకు. "అమ్మా మరియమ్మా" అని నేను పెట్టిన కేకకి మెలీనా గరిటె చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చింది, నాకు పక్షవాతం వచ్చిందనుకుని.

"చూడవే, నా ఒళ్ళోకి చూడు" అన్నాను. చూసింది. నోరు వెళ్ళబెట్టి సిలువ గుర్తు వేసుకుంది. ఆ తర్వాత ఇద్దరం నేలమీద కూర్చుండిపోయాం. ఆవిడ పొయ్యి మీద చిక్కుళ్ళు మాడిపోయాయి. మాడనీ.

కాసేపయ్యాక నేను గమనించిన సంగతి చెబుతాను. ఈ రంగులు రెండు రకాలు. ఒక రకానికి రెక్క చివర గుండ్రంగా ఊదా మచ్చ, చుట్టూ ఆకుపచ్చ వలయం. ఇంకో రకానికి మచ్చే లేదు, అడ్డంగా నీలం, పసుపు చారలు. చిన్న పురుగైనా పెద్ద పురుగైనా, సూది ఉన్న ఆడదైనా లేని మగదైనా, ఉంటే మచ్చ, లేకపోతే చారలు. అటూ ఇటూ కానిది ఒక్కటీ లేదు. పొద్దువాలే దాకా ఏరాం. మచ్చవి ముప్ఫై ఎనిమిది, చారలవి ఇరవై మూడు.

అంటే నా కొండమీద ఉన్నది ఒక జాతి కాదు, రెండు. మరి మీ వాళ్ళు నలభయ్యీ ఒకటేనని ఎలా రాశారు?

కానీ ఇందులో డాక్టరుందో, లేక రెండూ కాంపౌండర్లేనో నాకు తెలీదు. ఆ సంగతి నువ్వే తేల్చాలి. గౌను అంచు బెత్తెడు కత్తిరించి, ఒక్కో రకం పన్నెండేసి దానిమీద పరిచి, పైన గాజుముక్క పెట్టి కుట్టి పంపుతున్నాను. మోకాళ్ళ కిందికి గౌను పొట్టిదయిపోయింది. చర్చిలో ఆడవాళ్ళందరి కళ్ళూ నా పిక్కల మీదే. మొగుడి కోసం కట్టిన నల్లబట్టకి కత్తెర పెడితే మరి చూడరూ?

ముప్ఫై ఒకటిలోగా జవాబు కావాలి.

మీ అక్క


తొరీనో
మే 13

అక్కా,

నీ పొట్లం శుక్రవారం అందింది. విప్పాను. ఇప్పుడు మంగళవారం. ఈ నాలుగు రోజులూ నేను ఏం తిన్నానో, ఎప్పుడు ఇంటికెళ్ళానో నాకు గుర్తులేదు.

ముందు నమ్మలేదు. మా గదిలో బల్ల తెలుపు, దానిమీద కాగితం తెలుపు, నేను తొడుక్కునే కోటు తెలుపు. ఆ తెలుపు మధ్య నీ గుడ్డముక్క పెట్టి భూతద్దంలోకి వంగాను. నువ్వు రాసింది తక్కువే అక్కా. ఆ మచ్చ లోపల ఇంకో రంగు ఉంది, దాని లోపల ఇంకోటి, దీపం కాస్త జరిపితే అన్నీ వెలుగుతాయి. అవి అద్దిన రంగులు కావు. రెక్క సబ్బు బుడగలా పల్చటి పొర, ఒక్కోచోట ఒక్కో మందం. ఆ మందాన్నిబట్టి వెలుతురే రంగులుగా విడిపోతోంది. వెనకాల తెలుపుంటే ఆ తెలుపే కంటినిండా నిండి రంగుని మింగేస్తుంది. నలుపుంటే రంగొక్కటే మిగులుతుంది.

నలభై ఏళ్ళు, అక్కా. పదకొండు వేల పురుగులకి పైగా నా చేత్తో అంటించాను. ప్రతిదాని వీపు మీదా ఇదంతా ఉంది. ఒక్కరోజైనా, ఒక్కటంటే ఒక్కసారైనా నేను చూడలేదు. అంత శుభ్రంగా తెల్లటి అట్టలు కత్తిరించి, చూడనివ్వకుండా నేనే దాచాను.

నేను రిటైరయ్యే ఏడు కట్టిన పెట్టెలు వదిలేసి, చేరిన ఏడు కట్టిన సొరుగు లాగాను. మొట్టమొదట అంటించిన ఈగ ఉంది, గురువు గారు "పర్వాలేదు" అన్నది. నీటిచుక్కతో జిగురు నానబెట్టి రెక్క ఎత్తి నా నల్లబూటు మీద పెట్టాను, చేతికి దొరికిన నలుపు అదే. ఎర్రటి అంచు, మధ్యలో నీలం. నేను కుర్రాడిగా ఉన్నప్పట్నుంచీ ఆ చీకటి సొరుగులో అలాగే ఉంది. నేలమీద కూర్చుని ఏడ్చాను. సంతోషమో దుఃఖమో నాకిప్పటికీ తెలీడం లేదు. ఊడ్చే ఆవిడ వచ్చి మంచినీళ్ళిచ్చింది. ఆవిడకి కూడా చూపించాను.

ఇక నీ ప్రశ్న. మూడేళ్ళ కిందట నీ చేత వదిలించిన డాక్టర్ల తోబుట్టువులు కొన్ని మా సొరుగులో ఉన్నాయి, పేరు రాసి, తిరుగులేకుండా డాక్టర్లే అని తెలిసినవి. వాటిలో ఒకదాని రెక్క ఎత్తి నీ గుడ్డమీద, నీ మచ్చ పురుగు పక్కన పెట్టాను. రెండుసార్లు జారిపోయింది.

ఊదా మచ్చ. ఆకుపచ్చ వలయం. అదే, అక్కా. అచ్చం అదే. నీ ముప్ఫై ఎనిమిదీ డాక్టర్లే.

ఇక ఇది రాయకుండా ఉత్తరం ముగించలేను. 37వ నంబరు డబ్బా చూసిన దద్దమ్మ నేనే. చూసినప్పుడు నీ ఊరని తెలీదు. నీ ఏప్రిల్ ఉత్తరంలో నంబరు చదవగానే తెలిసింది. చెప్పడానికి నోరు రాలేదు, సిగ్గు. ఇంకో రెండు నెలల్లో దండవేసి పంపిస్తారు, ఈ చివర్లో తప్పంటే ఎలాగని భయం. అందుకే మేయరు గారిలా రాశాను. నీ కొండమీద బొడిపెలు చిన్నవి, అందులో పెరిగిన డాక్టర్లూ చిన్నవే, సూదులూ పొట్టివే. కొలత చూసి కాంపౌండర్లనుకున్నాను. మగవాటికి సూదే ఉండదు, పక్కవాటిని చూసి వాటినీ అదే లెక్కలో వేశాను. నీ చెట్లని నేనే నరికించబోయాను.

రేపు పొద్దున్న మా మ్యూజియం పెద్ద, ప్రొఫెసర్ ఒర్నెల్లా గారి దగ్గరికెళ్ళి మొత్తం చెబుతాను.

సవేరియో


తొరీనో
మే 24

అక్కా,

37వ డబ్బా నలభయ్యీ ఒక్కొక్కటే ఊడదీసి మళ్ళీ చూశాం, ప్రొఫెసరమ్మా నేనూ పక్కపక్కనే కూర్చుని. డాక్టర్లు ఇరవై అయిదు. నమ్మకం కోసం అయిదింటి కాళ్ళు జన్యుపరీక్షకి కూడా పంపారు. అయిదుకి అయిదూ డాక్టర్లేనని వచ్చింది.

మొదటిసారి భూతద్దంలో చూసినప్పుడు ఆవిడ దీపం అటూ ఇటూ జరిపి మళ్ళీ మళ్ళీ చూశారు. తర్వాత లేచి బల్లమీది తెల్లకాగితం తన చేత్తో తీసి చుట్టేశారు. "ఇది ఎవరు కనిపెట్టారు?" అన్నారు. "మా అక్క, ఒళ్ళో" అన్నాను. అర్థం కాలేదు ఆవిడకి. వివరంగా చెప్పాను.

సంఘానికీ అటవీశాఖకీ ఉత్తరాలు వెళ్ళాయి. "సాంకేతిక సవరణ" అని రాద్దామన్నారు. వద్దన్నాను. "పరిశీలకుడు సవేరియో పొరబడ్డాడు" అనే రాయించాను.

చిన్న పురుగులన్నిటికీ రెక్క కింద నలుపు పెట్టి మళ్ళీ చూడాలని ఆవిడ నిర్ణయించారు. నన్ను ఇంకో ఏడాది ఉండమన్నారు. నీ గుడ్డముక్క అప్పుడే అయిపోయింది. బజార్లో తెచ్చిన నల్లగుడ్డలన్నీ తళతళలాడుతున్నాయి, రంగు సరిగ్గా నిలవడం లేదు. బాగా వాడి నలిగిన నూలుదైతే మంచిదని తేలింది. ఎవర్నైనా అడగాలి. ఒక్కో ముక్క ఎనిమిది మిల్లీమీటర్ల వెడల్పు, పద్నాలుగు పొడవు.

మీటింగులో ఏమైందో వెంటనే రాయి.

సవేరియో


పెత్రామాలా
జూన్ 5

ఒరేయ్ దద్దమ్మా,

చెట్లు నిలబడ్డాయి.

మీ ఉత్తరం సంఘంలో కోజిమో చేతే చదివించారు. "సవేరియో పొరబడ్డాడు" దగ్గరికొచ్చేసరికి గొంతు పెంచాడట, నాకు వినబడాలని. మెలీనా చెప్పింది. రంపం మిల్లువాడు టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. మూడేళ్ళ దాకా కొండమీద ఎవరూ గొడ్డలి ఎత్తకూడదని చేతులెత్తారు. కోజిమో కూడా ఎత్తాడు, అందరికంటే ఆఖర్న. మర్నాడు పొద్దున్న వాడే వచ్చి "వదినా, నీ గౌను మీద ఒకసారి చూపిస్తావా" అన్నాడు. చూపించాను. వంగి చూశాడు. టోపీ తీసేశాడు.

నువ్వేనని నాకు ఏప్రిల్లోనే తెలుసురా. అమ్మ నూనెజాడీ పగలగొట్టినప్పుడు కూడా నువ్విలాగే పంతులు గారిలా మాట్లాడావు. "ప్రియమైన దొమేనికాకు" అని చూడగానే, పగలగొట్టాడు వీడు అనుకున్నాను. మూడు రోజులు నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను, ఒంటరిగా, చెట్ల దగ్గర. మరి పొట్లం నీకే ఎందుకు పంపావంటావేమో. నీ తప్పు నీ కంట్లోనే పడాలని పంపాను. చూసి కూడా దాస్తావేమోనని పదిరోజులు నాకు నిద్రలేదు. నువ్వు దాచలేదు. అది చాలు నాకు.

ఈ ఉత్తరంతో వచ్చిన మూట జాగ్రత్తగా విప్పు. నా గౌను. మొత్తం. నువ్వు రాసిన కొలతకే కత్తిరించాను. మెలీనా ఒక పక్క, నేనో పక్క, రెండు రోజులు పట్టింది. వేలకి వేలున్నాయి, లెక్క తప్పిపోయాం. గుండీలు నేనుంచుకున్నాను.

ఇంకో నల్లది కుట్టించుకోమని మెలీనా అంది. కుట్టించుకోలేదు. పెట్టెలో అడుగున గోధుమరంగుది ఉంది, బ్రూనో సంతలో కొన్నది. అదేసుకుని నిన్న చెట్ల కిందికెళ్ళాను. నేను ఆయన కోసం ఆరేళ్ళు ఏం కట్టుకుని తిరిగానో, దానిమీద ఏం కనబడిందో ఆయనకి చెప్పాను. చెవులు లేకపోతేనేం, ఆయన నవ్వింది నాకు వినబడింది.

అక్టోబర్లో కాయలు రాలతాయి. పోయినేటికంటే ఎక్కువే ఉంటాయి, చెట్లు చూస్తుంటే తెలుస్తోంది. మీ ఆవిడని తీసుకుని రా. దారంతా బురదగా ఉంటుంది, ఆ నల్లబూట్లు వేసుకురాకు.

మీ అక్క
దొమేనికా